నీళ్లు లేని నేల, పన్ను లేని రాజ్యం

(రాజంపేటలో ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఇలాంటి సభల్లో పోయినవారి గుణగణాలు చెప్పడం ఆనవాయితీ. మాస్టారికి పొగడ్త గిట్టదు. పటంలో నదిని గుర్తించిన పిల్లవాడిని ఆయన మెచ్చుకునేవారు కాదు. ‘అది అటే ఎందుకు పారుతోందిరా?’ అని అడిగేవారు. ఆయన పేరు మీద మాట్లాడేటప్పుడు ఆ ‘ఎందుకు’ను పట్టుకోవడమే మర్యాద అనిపించి, కువైట్‌ను విషయంగా ఎంచుకున్నాను.

ఎందుకు ఎంచుకున్నానో ఈ ఊళ్లో వేరే చెప్పనక్కర్లేదు. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు, పుల్లంపేట చుట్టుపక్కల కువైట్‌కు మనిషిని పంపని వీధి వెతికితే గాని దొరకదు. అటు గోదావరి జిల్లాల్లో, కోనసీమలో కూడా అంతే. అయినా ఆ దేశాన్ని ఎవరు, ఎలా ఏలుతున్నారంటే మనం ‘పెట్రోలు రాజ్యం’ అని ఒక్క మాటతో తేల్చేస్తాం. పెట్రోలు బయటపడక ముందే ఆ రాజ్యానికి దాదాపు రెండు వందల ఏళ్ల వయసుంది. ఆ రెండు శతాబ్దాలను వదిలేస్తే ఈనాటి కువైట్ అర్థం కాదు.

ఈ గంటసేపట్లో నేను తేల్చాలనుకుంటున్నది ఒక్కటే. ఎక్కడైనా పాలించేవాడికీ పాలితులకీ, పని చెప్పేవాడికీ చేసేవాడికీ మధ్య బలాబలాలు దేనివల్ల నిర్ణయమవుతాయి? ఒకరి అవసరం మరొకరికి ఉండటం వల్లనే అని మనం అనుకుంటాం. కువైట్ చరిత్ర చూస్తే అది సగం సమాధానమేనని తెలుస్తుంది. నచ్చకపోతే లేచి వెళ్లిపోగలగడం మిగతా సగం.

నేల, నీళ్లు

కువైట్ విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి కడప జిల్లా 15,359. అంటే కాస్త పెద్ద జిల్లా అంత దేశం. పర్షియన్ గల్ఫ్ తలభాగాన, వాయవ్య మూలలో ఉంటుంది. ఉత్తరాన, పడమరన ఇరాక్, దక్షిణాన సౌదీ అరేబియా, తూర్పున సముద్రం. నైరుతి మూల నుంచి సముద్రం దాకా నేల మెల్లగా వాలుతూ వస్తుంది. ఎత్తయిన చోటు కూడా సుమారు మూడు వందల మీటర్లే.

కరువుసీమ అని పేరుపడ్డ అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. కువైట్‌లో సగటున 110, 120. అదీ చలికాలంలో, ఒక ఏడాది పడి మరో ఏడాది పడక. దేశం మొత్తంలో ఒక్క జీవనది లేదు. వేసవిలో వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తే దుమ్ము ఆకాశాన్ని మూసేస్తుంది. 2016 జూలై 21న మిత్రిబా అనే చోట నమోదైన 53.9 డిగ్రీలు ఆసియాలోనే అత్యధిక ఉష్ణోగ్రతల్లో ఒకటిగా ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించింది.

మరి అక్కడ ఊరు ఎందుకు వెలిసింది? మాస్టారి ప్రశ్న ఇదే అయ్యుండేది. సమాధానం పటంలోనే ఉంది. తీరం లోపలికి వంగి, పెద్ద అలల నుంచి ఓడలకు రక్షణ ఇచ్చే కువైట్ అఖాతం ఏర్పడింది. గల్ఫ్ తల దగ్గర అంత మంచి సహజ రేవు మరొకటి లేదు. బస్రా ఖర్జూరాలు, ఎడారి నుంచి వచ్చే గుర్రాలు, హిందూదేశం నుంచి వచ్చే బియ్యం, బట్ట, కలప అక్కడ చేతులు మారేవి. అక్కడి ఓడలు కట్టిన టేకు మన మలబారు తీరానిది.

రేవు ఉంది గాని తాగడానికి నీళ్లు లేవు. ఊరు పెరిగి బావులు చాలకపోయాక, ఇరాక్‌లోని షత్ అల్ అరబ్ నది నుంచి ఓడల్లో నీళ్లు తెచ్చి అమ్మేవారు. 1939లో ఆ నీటి ఓడల వ్యాపారానికి ఒక కంపెనీనే పెట్టారు. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్రభుత్వ ప్లాంటు వచ్చింది. ఈనాడు కువైట్ తాగే నీటిలో తొంభై శాతానికి పైగా అలా తయారైనదే. 1979లో ప్రారంభించిన కువైట్ టవర్స్‌ను మన పిల్లలు ఫొటోలలో చూస్తుంటారు. ఆ నీలిరంగు గోళాలలో నీళ్ల ట్యాంకులు ఉన్నాయి. ఒక దేశం తన గుర్తుగా వాటర్ ట్యాంకును నిలబెట్టుకుందంటే, నీటి విలువ అక్కడివాళ్లకు ఎంత తెలుసో ఊహించండి.

ముత్యాల అప్పు

పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో బనీ ఉతూబ్ అనే తెగల కూటమి మధ్య అరేబియా నుంచి ఈ తీరానికి చేరింది. వాళ్లలో కొన్ని కుటుంబాలు వ్యాపారం చూసుకున్నాయి. ఊరి వ్యవహారం, తగవులు, ఎడారి తెగలతో రాయబారాలు చూసుకునే పని సబా కుటుంబానికి అప్పగించాయి. 1750ల నాటికి మొదటి సబా గద్దె మీద ఉన్నాడు. యుద్ధం చేసి గెలుచుకున్న గద్దె కాదది. పెద్దమనుషులు కూర్చుని ఒప్పుకున్న ఏర్పాటు. షేక్ ఖర్చుకు డబ్బు వ్యాపారుల సుంకాల నుంచి రావాలి. కనుక వ్యాపారుల మాట కాదనే వీలు ఆయనకు తక్కువ.

ఆ డబ్బులో పెద్ద వాటా ముత్యాలది. వేసవి నాలుగు నెలలూ వందలాది పడవలు సముద్రం మీదనే ఉండేవి. ‘గైస్’ అంటే మునిగేవాడు. ముక్కుకు ఎముకతో చేసిన క్లిప్పు, మెడలో బుట్ట, కాలికి కట్టిన రాయి. రాయి బరువుతో అడుక్కి పోయి, ఊపిరి బిగబట్టినంతసేపు ముత్యపుచిప్పలు ఏరి, తాడు గుంజితే పైనున్న ‘సైబ్’ లాగుతాడు. రోజంతా అదే. పడవను నడిపే ‘నఖోదా’ సీజన్‌కు ముందే బయానా ఇస్తాడు. ఆ డబ్బుతో ఇంట్లో బియ్యం, ఖర్జూరం కొనిపెట్టి గైస్ పడవ ఎక్కుతాడు. ముత్యాలు అమ్మాక లెక్క చూస్తే తన వాటా బయానాకే చాలదు. మిగిలిన అప్పు వచ్చే ఏటికి సాగుతుంది. అది తీరేదాకా వేరే నఖోదా దగ్గరికి పోవడానికి లేదు. గైస్ చనిపోతే అప్పు కొడుకు మీదికి వస్తుంది. నఖోదా వ్యాపారికి బాకీ, వ్యాపారి చూపు బొంబాయి ముత్యాల బజారు మీద.

ఇప్పుడు ఇదే కాలంలో వ్యాపారి బలం చూడండి. 1899లో బ్రిటిష్ వాళ్లతో రహస్య ఒప్పందం చేసుకుని ఆటోమన్ తుర్కుల నుంచి రాజ్యాన్ని కాపాడుకున్న సబా వంశపు షేక్ ముబారక్, వ్యాపారుల మీద పన్నులు పెంచాడు. 1910లో కొందరు పెద్ద ముత్యాల వ్యాపారులు తమ పడవలు తీసుకుని బహ్రెయిన్‌కు వెళ్లిపోయారు. పడవలు పోతే మునిగేవాళ్లు పోతారు, సుంకం పోతుంది. అంతటి గట్టి పాలకుడూ దిగివచ్చి పన్నులు తగ్గించి వాళ్లను వెనక్కి రప్పించుకోవలసి వచ్చింది.

ఒకే రేవులో ఇద్దరు. ఇద్దరి అవసరమూ రాజ్యానికి ఉంది. మునిగేవాడు లేకుండా ముత్యమే లేదు. అయినా వ్యాపారి మాట చెల్లింది, మునిగేవాడి మాట చెల్లలేదు. వ్యాపారి వెళ్లిపోగలడు, మునిగేవాడి కాలికి రాయితోపాటు అప్పు కూడా కట్టి ఉంది.

చమురు ఏం మార్చింది?

1930లలో జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి, ప్రపంచ మాంద్యంతో కలిసి ముత్యాల వ్యాపారాన్ని కూల్చేశాయి. ఊరంతా చితికిపోయిన ఆ దశకంలోనే, 1934 డిసెంబరులో, బ్రిటిష్, అమెరికన్ కంపెనీలు కలిసి పెట్టిన కువైట్ ఆయిల్ కంపెనీకి అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ చమురు హక్కులిచ్చాడు. 1938 ఫిబ్రవరిలో బుర్గాన్ దగ్గర చమురు పడింది. ప్రపంచంలో దానికన్నా పెద్ద చమురు క్షేత్రం సౌదీలోని గవార్ ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధం వల్ల బావులు మూసి, అది ముగిశాక 1946 జూన్ 30న మొదటి ఓడ నింపారు.

ఇక్కడ భూగోళం కువైట్‌కు చేసిన ఉపకారం ఒకటి చెప్పాలి. బుర్గాన్‌కు, సముద్రానికి మధ్య అహ్మదీ గుట్ట ఉంది. బావుల నుంచి వచ్చిన చమురును ఆ గుట్ట మీది ట్యాంకులకు చేరుస్తారు. అక్కడి నుంచి కింద రేవులో ఉన్న ఓడలోకి పంపు అవసరం లేకుండా వాలు మీదనే పారుతుంది. ప్రపంచంలో అతి తక్కువ ఖర్చుతో చమురు అమ్మగలిగిన దేశాల్లో కువైట్ ఒకటి కావడానికి ఆ వాలు కూడా ఒక కారణం. దేశం చేతిలో ఉన్న నిల్వలు సుమారు పదివేల కోట్ల బ్యారెళ్లు.

డబ్బుతోపాటు బలాబలాలు కూడా తారుమారయ్యాయి. ఇప్పుడు షేక్‌కు వ్యాపారి సుంకంతో పని లేదు, చమురు సొమ్ము నేరుగా ఖజానాకు వస్తుంది. అవసరం ఇటు నుంచి అటు మారింది. 1950లో గద్దెనెక్కిన అబ్దుల్లా అల్ సాలిమ్ తెలివైనవాడు. పాత ఒప్పందాన్ని చింపెయ్యకుండా ధర కట్టి కొనేశాడు. పాతబస్తీ స్థలాలను ప్రభుత్వం చేత బజారు ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొనిపించి వ్యాపారుల చేతికి సొమ్ము అందించాడు. పౌరులందరికీ చదువు, వైద్యం, ఇల్లు, ఉద్యోగం ప్రభుత్వ బాధ్యత అయ్యాయి. ఆదాయపు పన్ను లేదు. ఈనాటికీ ఉద్యోగం చేసే కువైటీ పౌరుల్లో అత్యధికులు ప్రభుత్వోద్యోగులే.

ఆయన కాలంలోనే 1953లో, లండన్‌లో ఒక పెట్టుబడి బోర్డు పెట్టారు. చమురు మిగులును విదేశాల్లో మదుపు చేసే ప్రభుత్వ నిధులు ఈనాడు చాలా దేశాలకు ఉన్నాయి. వాటన్నిటిలో మొదటిది ఇదే. 1976లో భావితరాల నిధి పెట్టి, ఏటా రాబడిలో పదో వంతు అందులో వేయాలని చట్టం చేశారు. ఆ దూరదృష్టి ఎంత అక్కరకు వచ్చిందో 1990 ఆగస్టు 2న ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ సేనలు దేశాన్ని ఆక్రమించాక తెలిసింది. నేల పోయింది, బావులు పోయాయి. ప్రభుత్వం సౌదీలోని తాయిఫ్‌లో తలదాచుకుంది. అయినా విదేశాల్లో దాచిన డబ్బుతో ఆ ప్రభుత్వం నడిచింది, ప్రవాసంలోని పౌరులు బతికారు, దేశాన్ని విడిపించిన యుద్ధం ఖర్చులో వాటా కూడా అందులోంచే వెళ్లింది. ఈనాడు ఆ నిధుల విలువ దాదాపు లక్ష కోట్ల డాలర్లని అంచనా. అయితే 2020లో చట్టం మార్చి, బడ్జెట్‌లో మిగులున్న ఏడాదే పదో వంతు వేస్తే చాలన్నారు. ప్రభుత్వ రాబడిలో తొంభై శాతం చమురుదే అయినప్పుడు, ధర పడిన ఏడాది జీతాలకు, సబ్సిడీలకు వెతుక్కోవలసి వస్తుంది. ఇంకో విచిత్రం, చమురు మీద కూర్చున్న ఆ దేశం వేసవిలో ఏసీలకు కరెంటు చాలక 2009 నుంచి గ్యాస్ దిగుమతి చేసుకుంటోంది. 2024 జూన్‌లో కోతలు కూడా పెట్టింది.

గద్దె, సభ

1961 జూన్ 19న బ్రిటిష్ రక్షణ ఒప్పందం రద్దయి కువైట్ స్వతంత్రమైంది. అంతవరకు అక్కడ చెల్లిన నాణెం మన రూపాయే. బంగారం దొంగరవాణా అరికట్టడానికి 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాలకని వేరే రంగులో నోట్లు అచ్చువేసింది. 1961లో దినారు వచ్చాక ఆ బంధం తెగింది. అప్పుడు దినారుకు పదమూడు రూపాయల చిల్లర. ఇప్పటి రేటు ఈ సభలో నాకన్నా మీకే బాగా తెలుసు.

1962 నవంబరులో రాజ్యాంగం వచ్చింది. దాని ప్రకారం గద్దె ముబారక్ సంతతిదే. యాభై మంది సభ్యులను పౌరులు ఎన్నుకుంటారు, మంత్రులూ సభలో ఓటు వేస్తారు. ప్రధానిని అమీర్, అంటే పాలకుడు, నియమిస్తాడు. పార్టీలకు చట్టబద్ధత లేదు. ఇంతవరకు ఇది పేరుకు సభ అనిపించవచ్చు. కానీ మంత్రిని నిలదీసే హక్కు ఆ సభకు ఉండేది, ఆ హక్కును సభ్యులు ఊరికే వదల్లేదు. ఎన్నికల వేళ అసలు చర్చలు జరిగేది దివానియాల్లో. ప్రతి పెద్ద ఇంటికీ మగవాళ్లు సాయంత్రం కూర్చునే గది ఒకటి ఉంటుంది. గోడల వెంట మెత్తలు, చిన్న కప్పుల్లో చాయ్, కాఫీ, మధ్యలో రాజకీయం. 2005లో ఆడవాళ్లకు ఓటు వచ్చింది, 2009లో నలుగురు మహిళలు గెలిచారు. 2006లో అయితే, జబ్బుతో ప్రమాణం కూడా చేయలేని స్థితిలో ఉన్న అమీర్‌ను సభ ఓటు వేసి తప్పించింది. చుట్టుపక్కల ఏ అరబ్ రాజ్యంలోనూ ఊహించలేని సంగతి.

పన్ను కట్టని ప్రజలకు లెక్క అడిగే హక్కెక్కడిదని పండితులు అంటుంటారు. కువైటీలు కట్టలేదు, అయినా అడిగారు. 1910 నాటి ఆ పడవల జ్ఞాపకం వారిలో పోలేదు. అలాగని ఆ హక్కు నిలకడగానూ లేదు. 1976లో, 1986లో సభను రద్దుచేసి ఏళ్ల తరబడి మూసేశారు. 2024 మే 10న అమీర్ మిషాల్ మళ్లీ సభను రద్దుచేసి, నాలుగేళ్ల వరకు రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను పక్కన పెట్టాడు. ఆ తర్వాత వేలాది మంది పౌరసత్వాలు రద్దయ్యాయి. తరతరాలుగా అక్కడే ఉండి ఏ దేశ కాగితమూ లేని ‘బిదూన్’లు సుమారు లక్షమంది అంతకుముందు నుంచే ఉన్నారు. రాజ్యమే అన్నీ ఇచ్చే చోట, రాజ్యం జాబితాలో పేరు ఉండటమే ఆస్తి. ఆ పేరు కొట్టేసే కలం ఎవరి చేతిలో ఉంటే బలం వాళ్లది.

మనవాళ్లు

దేశ జనాభా సుమారు 49 లక్షలు. అందులో పౌరులు మూడో వంతుకు కొంచెం అటూ ఇటూ. మిగిలినవాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లు, వారిలో భారతీయులే ఎక్కువ. సుమారు పది లక్షలు. ఇళ్లు కట్టేది, వండేది, డ్రైవింగు చేసేది, ముసలివాళ్లను కనిపెట్టుకునేది వీళ్లే. శుక్రవారం కువైట్ నగరంలోని మాలియాలో నిలబడితే రాయచోటి యాస, భీమవరం యాస ఒకేసారి చెవిన పడతాయి.

మనవాళ్లకు ఆ దేశ చట్టం రెండు మాటల్లో తెలుసు: ఖాదిం వీసా, షూన్ వీసా. మొదటిది ఇంటిపనికి, రెండోది కంపెనీ పనికి. రెండింటికీ మూలం కఫీల్, అంటే పూచీ పడే యజమాని. ఆయన పేరు మీదే అకామా అనే నివాస అనుమతి, అకామా ఉంటేనే సివిల్ ఐడీ, అది ఉంటేనే ఆస్పత్రి, బ్యాంకు, సిమ్ కార్డు. ఇంటిపని వీసా మీద వెళ్లినవాళ్లు మామూలుగా కంపెనీ వీసాకు మారలేరు, ప్రభుత్వం ఎప్పుడైనా గడువు ప్రకటిస్తే తప్ప. కఫీల్ ఇల్లు వదిలి బయటికి వస్తే పరారీ కేసు. బాబా (ఇంటి యజమాని) మంచివాడైతే బతుకు బాగుంటుంది, మామా (యజమానురాలు) దయగలదైతే నెలనెలా డబ్బు వస్తుంది. అలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి, వాటి పుణ్యాన ఈ ఊళ్లో మేడలు లేచాయి. కాని మనిషి మంచితనం మీద ఆధారపడ్డ బతుకును హక్కు అనలేం.

చట్టం లేదనుకోకండి. గృహ కార్మికుల కోసం 2015లో చేసిన 68వ చట్టం ఉంది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏటా జీతంతో నెల సెలవు, పని మానేటప్పుడు ఏడాదికి నెల జీతం చొప్పున ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. ఇది కాక, ఎండాకాలం జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఆరుబయట పని నిషేధం. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. ఇంటి తలుపు వెనకాల ఉన్న ఆడమనిషి ఆ కాగితాన్ని ఎవరికి చూపించాలి? 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు కిక్కిరిసి ఉంటున్న భవనంలో మంటలు లేచి నలభైమందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో మన ఆంధ్ర బిడ్డలూ ఉన్నారు. నిబంధనలు అప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు ముత్యాల పడవ దగ్గరికి వెళదాం. ఆ దేశానికి మనవాళ్ల అవసరం లేదని ఎవరూ అనలేరు. వాళ్లంతా ఒక్క వారం పని మానేస్తే ఆ నగరంలో పొయ్యి వెలగదు. అయినా గైస్ మాట చెల్లనట్టే వీళ్ల మాటా చెల్లదు, ఎందుకంటే వెళ్లిపోయే దారి మూసి ఉంది. ఆ దారికి రెండు తాళాలున్నాయి. ఒకటి కువైట్‌లో ఉంది, కఫీల్ చేతిలో. దాన్ని తీయించడం మన విదేశాంగ శాఖ పని. పనిమనిషి పని మార్చుకునే స్వేచ్ఛ మీద గట్టిగా బేరమాడాలి. జీతం పెంచమని అడగడం కన్నా అదే ముఖ్యం. మారగలిగినప్పుడు జీతం దానంతటదే పెరుగుతుంది.

రెండో తాళం మనదే. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, ఏజెంటు చేతిలో పోసి వెళ్లిన ఆడమనిషి, బాబా కొట్టినా తిట్టినా అప్పు తీరేదాకా తిరిగి రాలేదు. ఆమెను అక్కడ కట్టిపడేసే తాడు కొసను మన ఊళ్లో వడ్డీవ్యాపారి పట్టుకుని ఉన్నాడు. ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు మహిళకు ముప్పై ఏళ్లు నిండాలని, నమోదైన మార్గంలోనే వెళ్లాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. విజిటింగ్ వీసా మీద దొడ్డిదారిన పంపే ఏజెంట్లు ఆ నియమాన్ని కాలరాస్తున్నారు. సరైన మార్గంలో పంపే పనికి ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. వాటి పేరు తెలిసినవాళ్లు పల్లెల్లో ఎంతమంది?

కనుక ఈ స్మారక సంస్థ వారికి నా విన్నపం ఇది. ఏటా ఉపన్యాసం పెట్టండి, సంతోషం. దానితోపాటు ఈ ఊళ్లో ఒక గది తీసుకుని, వెళ్లబోయేవాళ్ల కాంట్రాక్టు కాగితం చదివి చెప్పే మనిషిని కూర్చోబెట్టండి. అరబ్బీ, ఇంగ్లీషు చదవగలిగి తిరిగొచ్చినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. స్వయంసహాయక సంఘాలతో మాట్లాడి, ప్రయాణ ఖర్చుకు తక్కువ వడ్డీ అప్పు ఇప్పించండి. పిల్లలకు గల్ఫ్ పటం గీయించండి. రాయబార కార్యాలయం ఎక్కడుందో, ఏ చట్టం ఏ హక్కు ఇస్తుందో అదే పాఠంలో చెప్పించండి. కువైట్ వద్దని నేను అనడం లేదు. వెళ్లే ప్రతి మనిషీ, బాగోలేకపోతే ‘నేను వెళ్లిపోతున్నాను’ అనగలిగేలా పంపమంటున్నాను. ఆ మాట అనగలిగినవాళ్లకే అక్కడ ఉండమని అడిగేవాళ్లు కూడా ఉంటారు.